పేరు కుట్టని కోటు

సోమవారం సాయంత్రం పిల్ల బడి నుంచి కోటు లేకుండా వచ్చింది.

తల్లి కళ్ళు ముందు కోటు కోసమే వెతికాయి, పిల్లను తర్వాత చూశాయి. చేతిమీద లేదు, సంచిలోంచి బయటికి వేలాడటం లేదు, నడుముకి చుట్టుకోనూ లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల పల్చటి స్వెట్టరు చేతుల్ని వేళ్ళ దాకా లాక్కుని గుమ్మంలో నిలబడి ఉంది. పెదవులు నీలం తిరిగాయి. బక్కపలచగా ఉంటుందని ఇంట్లో దాన్ని పిచ్చుక అంటారు.

"కోటేదే?"

"టీచరు ఇచ్చేసింది."

"ఇచ్చేయడమేంటి? ఎవరికి?"

"కొత్తమ్మాయికి. ఆ అమ్మాయి తనదంది."

తల్లి పిల్లను లోపలికి లాగి తలుపు వేసింది. స్టవ్ పక్కన కూర్చోబెట్టి, దాని చేతులు రెండూ తన చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. ఆసుపత్రి లాండ్రీలో పొద్దుటి నుంచి దుప్పట్లు మడిచి వచ్చిన చేతులవి. సబ్బుకి బీటలు వారి గరుకుగా ఉంటాయి, వేడి మాత్రం తొందరగా పుట్టిస్తాయి. రుద్దుతూనే అడిగింది. పిల్ల ముక్కలు ముక్కలుగా చెప్పింది. మొత్తం రాబట్టేసరికి తల్లికి తలప్రాణం తోకకొచ్చింది.

ఆ రోజే రెండు క్లాసుల్ని ఒక్క గదిలో కలిపారు. వరండా గోడకి వరసగా కొట్టిన కొక్కేలకి అందరి కోట్లూ తగిలిస్తారు. ఇంటికి వచ్చే వేళ, అవతలి క్లాసు నుంచి వచ్చిన అమ్మాయి పిచ్చుక ఆకుపచ్చ కోటు చూసి "నా కోటు! దొరికింది!" అని కేక పెట్టింది. టీచరు వచ్చింది. ఎడమ జేబు లోపల చిరిగితే మా నాయనమ్మ నీలం దారంతో కుట్టింది, కావాలంటే చూడండి అంది ఆ అమ్మాయి, కోటు ముట్టుకోకుండానే. టీచరు జేబు తిరగేసింది. నీలం దారం ఉంది. కాలరు తిరగేసి పేరు కోసం చూసింది. పేరు లేదు.

"అప్పుడు నన్నడిగింది, ఇది నీదేనా అని."

"నువ్వేం చెప్పావ్?"

"ఇప్పటికి నాదే అన్నాను."

తల్లి రుద్దడం ఆపేసింది. "అలా ఎవరైనా చెప్తారా? నాదే అనొచ్చుగా, నోరు పడిపోయిందా?"

"నువ్వే అంటావుగా. జాగ్రత్తగా వేసుకో, ఇప్పటికి మాత్రమే ఇది నీది అని."

అంటుంది. రోజూ అంటుంది. ఆ ఇంట్లో పిల్ల బట్టలన్నీ చీటీలావిడ కొట్టు నుంచి వచ్చి, మళ్ళీ ఆ కొట్టుకే పోతాయి. పిల్లలకి పొట్టివైపోయిన బట్టలు జనం అక్కడ పెట్టి వెళ్తారు. అమ్ముడైతే సగం వాళ్ళకి, సగం ఆవిడకి. ప్రతి బట్టకీ ఎడమ చేతి అంచున, తెచ్చినవాళ్ళ నంబరుతో ఒక చీటీ గుచ్చి ఉంటుంది. కొత్తగా వస్తే తెల్ల చీటీ, నెల దాటితే పసుపు, రెండు నెలలు దాటితే ఎరుపు. రంగు మారినప్పుడల్లా ధర తగ్గుతుంది. చీటీ ఎరుపెక్కేదాకా తల్లి కళ్ళల్లో వత్తులు వేసుకుని కాపు కాస్తుంది. ఒక సైజు పెద్దది కొంటుంది. చేతుల్నీ అంచునీ లోపలికి మడిచి కనబడని కుట్టు వేసి, పిల్ల పెరిగేకొద్దీ వేలెడు వేలెడు విప్పుతుంది. చలి పూర్తిగా విరగకముందే ఉతికి, గుండీలు బిగించి, తెల్ల చీటీతో మళ్ళీ అమ్మకానికి పెడుతుంది. ఆఖరి రెండు వారాలూ పిల్ల స్వెట్టర్లతో నెట్టుకొస్తుంది. ఆ వచ్చిన డబ్బే వచ్చే ఏటి కోటు. పిల్లకి మూడేళ్ళప్పుడు కొన్న మొదటి కోటు ఇలా ఒకదానిలోంచి ఒకటిగా ఆరో కోటు దాకా వచ్చింది. ఇది పోతే పోయేది ఒక్క కోటు కాదు, ఇక రావలసినవన్నీ.

అందుకే పిల్లకి నియమాలు. కోటుతో నేల మీద కూర్చోకూడదు. గోడకి ఆనుకోకూడదు. తినేటప్పుడు విప్పి మడిచి పెట్టాలి. బడి ఆవరణలో అందరూ మట్టిలో పొర్లుతుంటే పిచ్చుక మెట్ల దగ్గర చేతులు ఒంటికి తగలకుండా నిలబడి చూస్తుంది. మీ పిల్ల ఎంత బుద్ధిమంతురాలో అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటారు. తల్లి పొంగిపోతుంది కూడా.

కోటు లోపల పేరు కుట్టి పంపాలని బడివాళ్ళు ఏడాది మొదట్లోనే కాగితం పంపారు. పేరున్న బట్ట తీసుకోబడదని చీటీలావిడ గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసి పెట్టింది. ఈ రెంటి మధ్యా తల్లి ఒక ఉపాయం చేసింది. చిన్న కాగితం మీద పేరు రాసి, కాలరు కింద పిన్నీసుతో పెట్టింది.

"మరి ఆ కాగితం ఏమైందే?"

పిల్ల సంచి తెరిచి, లెక్కల పుస్తకం మధ్యలోంచి కాగితమూ పిన్నీసూ తీసి ఇచ్చింది. "చిల్లు పెద్దదవుతోందమ్మా. అందుకే తీసి దాచా. చిల్లుంటే చీటీలావిడ తీసుకోదుగా."

తల్లి తిట్టకుండా కాగితాన్ని మళ్ళీ లెక్కల పుస్తకంలోనే పెట్టేసింది. ఆ మాట తనదే మరి.

మంచినీళ్ళ క్యాన్ల బండి తోలే తండ్రి భుజం నొక్కుకుంటూ వచ్చి అంతా విన్నాడు. మామూలుగా అయితే "మా ఆవిడది కోట్లలో వ్యాపారం" అని వచ్చినవాళ్ళందరి ముందూ పెళ్ళాన్ని ఏడిపిస్తుంటాడు. ఆ రోజు ఆ మాట అనలేదు.

"పేరు కుట్టేస్తే పోయేదిగా," అన్నాడు.

"కుట్టేస్తే వచ్చే ఏడు మీ చొక్కా విప్పి కప్పుతారా దానికి?"

ఆయన వంగి తన చొక్కా కేసి చూసుకున్నాడు. "దీన్నెవరు కప్పుకుంటారే," అని, పిల్ల పక్కన చతికిలబడి, దాని కాళ్ళు తన ఒళ్ళోకి లాక్కున్నాడు.

*

లాండ్రీలో దుప్పటి ఒక్కళ్ళు మడవలేరు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని, దులిపి, ఎదురెదురుగా నడిచి అంచులు కలపాలి. మంగళవారం మధ్యాహ్నం తల్లి తన కొసని ఇంకొకామె చేతిలో పెట్టి, సగం రోజు కూలి పోగొట్టుకుని బడికి వెళ్ళింది.

టీచరు మంచిదే. అదే వచ్చిన చిక్కు. నోరేసుకుని పడే మనిషైతే తల్లి కూడా నాలుగు మాటలు అనేసి వచ్చేది. ఈవిడ నోటు పుస్తకాల దొంతర పక్కకి జరిపి, కుర్చీ చూపించింది.

"కోటు మాదేనండీ. మా పిల్లదే," అంది తల్లి కూర్చోకుండా.

"పేరు కుట్టమని కాగితం పంపాం కదమ్మా. యాభై ఆరుమంది ఉన్నారు ఇప్పుడు నా క్లాసులో. పేరు లేకపోతే నేనేం చూసి చెప్పను? ఆ పిల్ల చూడకుండానే గుర్తు చెప్పింది. మీ పిల్లనడిగితే ఇప్పటికి నాదే అంది. మీరే చెప్పండి, నా చోట మీరుంటే ఎవరికిస్తారు?"

తల్లి నిజంగానే ఆలోచించింది. తనైనా ఆ అమ్మాయికే ఇస్తుంది.

"కొన్నామండీ. కొట్లో."

"బిల్లుందా?"

"వాడిన బట్టల కొట్టండీ. అక్కడ బిల్లులివ్వరు." ఆ మాట గొంతు తగ్గించి చెప్పింది. పక్క బల్ల దగ్గర ఇంకో టీచరు తలెత్తకుండానే ఒక చెవి ఇటు వేసింది.

"పోనీ, మీకు అమ్మినట్టు ఆ కొట్టావిడ చేత కాగితం రాయించుకు రండి. నిన్న ఫోన్ చేస్తే ఆ పిల్లవాళ్ళమ్మ కూడా కోటు మాదేనంది. ఇద్దరి మాటా నిజమైతే మధ్యలో ఎవరో దొంగిలించి అమ్మి ఉండాలి కదమ్మా."

దొంగతనం అన్న మాట టీచరు వీళ్ళను ఉద్దేశించి అనలేదు. అయినా మెట్లు దిగుతుంటే తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంటతోనే చీటీలావిడ కొట్టుకి నడిచింది.

కొట్టుకి రెండు తలుపులు. వీధి వైపు అద్దాల తలుపు కొనేవాళ్ళకి, వెనక సందులో రేకు తలుపు తెచ్చేవాళ్ళకి. తల్లి వెళ్ళేసరికి చీటీలావిడ కిటికీ దగ్గర నిలబడి ఎవరిదో గౌను చూస్తోంది. వెలుతురుకి ఎత్తిపట్టి చిల్లులు వెతికింది. మోచేతులు బొటనవేలితో రుద్దింది. చంక దగ్గర వాసన చూసింది. గుండీలు పైకి లెక్కపెట్టి, ఐదోది లేకపోయేసరికి పెదవి విరిచి పక్కన పడేసింది.

"అక్కా, ఆకుపచ్చ కోటు గుర్తుందా? కొయ్య గుండీలు. ఎర్ర చీటీ మీద తీసుకున్నా."

"గుర్తులేకేం. రెండు నెలలు దాని చుట్టూ గద్దలా తిరిగావుగా."

తల్లి జరిగిందంతా చెప్పింది. చీటీలావిడ ఇంకో బట్ట తియ్యకుండా విన్నది.

"ఒక్క కాగితం రాసివ్వక్కా. నాకు అమ్మానని. అంతే."

"రాయను."

"అక్కా..."

"కోప్పడకు. ఇప్పుడు నువ్వు ఏ తలుపులోంచి వచ్చావ్?"

తల్లి వెనక్కి తిరిగి చూసింది. రేకు తలుపు ఓరగా తీసి ఉంది.

"ఇవాళ అమ్మడానిక్కూడా రాలేదు. అయినా కాళ్ళు అటే తీసుకొచ్చాయి. పదకొండేళ్ళ నుంచి ఈ కొట్టు నడుపుతున్నా. ఎవరి పిల్లల బట్టలు ఎవరి పిల్లల ఒంటిమీద ఉన్నాయో నాకొక్కదానికే తెలుసు. నేనిప్పుడు కాగితం రాస్తే, ఆ కోటు ఇక్కడికి ఎవరు తెచ్చారో బడంతా తెలుస్తుంది. రేపటి నుంచి ఆ తలుపు తోసే ప్రాణి ఉండదు." చీటీలావిడ పక్కన పడేసిన గౌను తీసి మడిచింది. "మొన్నొకావిడ నీ నంబరు చూపించి అడిగింది, ఈ తెల్ల గౌను ఇంత బాగా ఉతికి పెట్టిందెవరూ అని."

తల్లి దగ్గరికి జరిగింది. "చెప్పావా?"

"చూశావా మరి," అంది చీటీలావిడ.

ఇంక అడగడానికి ఏమీ లేదు. వెళ్ళబోతుంటే ఆవిడ పిలిచి, ఎర్ర చీటీ ఉన్న ఒక పల్చటి జాకెట్ చూపించింది. జిప్పు పని చెయ్యదు. తల్లి అలవాటుకొద్దీ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, మోచేతులు రుద్దింది. తర్వాత కొక్కేనికి తగిలించి, వచ్చిన తలుపులోంచే బయటపడింది.

*

బుధవారం సాయంత్రం ఆమె బడి గేటు దగ్గర కాపు వేసింది. ఆ పిల్లవాళ్ళమ్మను పట్టుకుని నలుగురిలో కడిగేయాలని దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చింది.

ముందు కోటు కనిపించింది. ఆ కొత్తమ్మాయి పిచ్చుక కన్నా జానెడు పొడుగు. కోటు చేతులు మణికట్టు పైకి పోయాయి. మధ్య గుండీ పడక తెరుచుకుని ఉంది. అది చూస్తుండగానే ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి, కోటుతో సహా నేలమీద కూలబడి, ఇటుక గోడకి వీపు ఆనించి బూటు లేసు కట్టుకోసాగింది.

"అమ్మా, గోడకి ఆనుకుంది," అంది పిచ్చుక గుసగుసగా, రెండు స్వెట్టర్ల లోపల వణుకుతూ.

లేసు కట్టుకుంటున్న ఆ పిల్ల కోటు కింద నుంచి స్వెట్టరు చెయ్యి బయటికి వచ్చింది. ఎడమ చేతి అంచున పక్కపక్కనే రెండు సన్నటి బెజ్జాలు. చీటీలావిడ చీటీ గుచ్చిన చోటు. వేరేవాళ్ళ కంటికి అవి ఆనవు. తల్లి పేర్చుకుని వచ్చిన మాటలన్నీ అక్కడే చెదిరిపోయాయి.

ఆ పిల్ల దగ్గరికి వచ్చిన మనిషి, వాళ్ళమ్మే కాబోలు, జుట్టు నున్నగా దువ్వుకుని, మాసిపోని బట్టల్లో ఉంది. తల్లి పక్కకి వెళ్ళి నిలబడింది.

"ఆ కోటు మీరు అమ్మేశారు కదండీ."

ఆ మనిషి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "మెల్లగా మాట్లాడండి. మీకు పుణ్యముంటుంది."

"మెల్లగానే అడుగుతున్నా."

"మా అత్తగారు తన పాత కోటు విప్పి దానికి కుట్టింది. నెల్లాళ్ళు కూర్చుంది కంటిచూపు సరిగా లేకపోయినా. పొట్టిదవుతోంది, ఇంట్లో చూస్తే అవసరం. పట్టుకెళ్ళి పెట్టేసి, ఎక్కడో పోయిందని చెప్పా. పిల్ల మూడు రోజులు ఏడ్చింది. మొన్న దొరికిందని ఎగురుకుంటూ తెచ్చింది. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని తడుముతూ కూర్చుంది. ఇప్పుడు నేను అమ్మేశానని ఎలా చెప్పనండీ? టీచరు ఫోన్ చేసినప్పుడు కూడా ఆవిడ పక్కనే ఉంది."

"మరి నా పిల్ల?"

ఆ మనిషి అప్పుడు పిచ్చుక వైపు చూసింది. చేతులు లోపలికి లాక్కుని, ముక్కు ఎర్రబడి, ఒంటికాలి మీద నిలబడి ఉంది పిచ్చుక.

"చూస్తున్నానండీ," అంది. "ఏదో ఒకటి చేస్తాను." అని కూతురి చెయ్యి పట్టుకుని గబగబా వెళ్ళిపోయింది. దూరం పోయాక పిల్ల వీపున అంటుకున్న ఇటుక పొడి దులిపింది. ఎలా దులపాలో తెలిసిన చెయ్యే అది, వేళ్ళ కొసలతో, పైనుంచి కిందికి.

ఆ మనిషి మీద కోపం తెచ్చుకుందామని తల్లి ఇంటిదాకా ప్రయత్నించింది. రాలేదు. కోపం వచ్చినా బాగుండేదనిపించింది. గురువారానికి పిల్లకి దగ్గు పట్టుకుంది.

*

శుక్రవారం పిచ్చుక ఒక కబురు తెచ్చింది.

"ఆ అమ్మాయి ఇవాళ వేరే కోటు వేసుకొచ్చిందమ్మా. వాళ్ళ నాయనమ్మ చూసి, చేతులు పైకి పోతున్నాయి, ఇది చిన్నపిల్లలకెవరికైనా ఇచ్చెయ్యండి అందట. వాళ్ళమ్మ ఇచ్చేసిందట."

"ఎవరికి?"

"తెలీదు. ఎవరికో. మనకిస్తుందేమో అమ్మా?"

తల్లి ఆ సాయంత్రం తలుపు చప్పుడైనప్పుడల్లా లేచింది. ఒకసారి గాలి, ఒకసారి తండ్రి. శనివారం పొద్దున్న షిఫ్టు అయిపోగానే చీటీలావిడ కొట్టుకి పోయింది. ఎందుకో ఆ రోజు వీధి తలుపులోంచే వెళ్ళింది.

చీటీలావిడ ఆమెను చూసి, బల్ల కింద నుంచి మడత పెట్టిన ఆకుపచ్చ కోటు తీసి పైన పెట్టింది. ఎడమ చేతి అంచున తెల్ల చీటీ ఉంది.

"తెచ్చినవాళ్ళు నీకే ముందు చూపించమన్నారు. అందుకే బయట తగిలించలేదు."

"ఊరికే ఇమ్మన్నారా?"

"అలా అనలేదు."

"ధరేమైనా తగ్గించమన్నారా?"

"అదీ అనలేదు." చీటీలావిడ చూపు తప్పించింది. "మోచెయ్యి దగ్గర కొద్దిగా గీరుకుంది. మిగతా అంతా శుభ్రమే."

"ఎర్ర చీటీ మీద నేను కొన్నది అక్కా ఇది. మొన్నటిదాకా నా పిల్ల ఒంటిమీద ఉన్నది."

"నాకు తెలీదా? కొత్తగా వచ్చిన బట్టకి తెల్ల చీటీయే. రేపు నువ్వు తెచ్చినా తెల్లదే పెడతా."

తల్లి కోటు ఎత్తి ముఖం దగ్గర పెట్టుకుంది. వేరే ఇంటి సబ్బు వాసన వేసింది. ఎవరికీ తెలియకుండా ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఆ కోటు నడవగలిగిన దారి ఇదొక్కటే. ఇచ్చెయ్యమన్నది ముసలావిడ. ఆ మనిషి ఇక్కడికి తెచ్చింది. ఇచ్చిన పేరూ దక్కింది, వచ్చే సగమూ దక్కుతుంది. ఇది దయ అనుకోవాలో బేరం అనుకోవాలో తల్లికి తెలియలేదు. తనైనా అచ్చం ఇదే చేసి ఉండేది. అది తలుచుకుంటేనే ఎక్కువ ఏడుపొచ్చింది.

చీటీలావిడ తెల్ల చీటీ పీకి, పసుపు చీటీ గుచ్చింది. "నా సగంలోది పోనీలే," అంది. "ఎవరితోనూ అనకు, కొట్టు మూసుకోవాలి."

తల్లి నంబరు మీద అమ్ముడైన రెండు గౌన్ల తాలూకు డబ్బు అక్కడే ఉంది. పిల్ల బూట్ల కోసం దాచింది. ఇప్పుడున్న బూట్లలో పిల్ల వేళ్ళు ముడుచుకుని నడుస్తోంది. ఆ డబ్బూ, పర్సులో ఉన్నదీ కలిపి ఇచ్చేసి, తన కోటు తనే రెండోసారి కొనుక్కుని ఇంటికి వచ్చింది.

*

వస్తూనే కుట్టుపెట్టె ముందేసుకుని కిటికీ కింద కూర్చుంది. ముందు జేబు తిరగేసి నీలం దారం మొత్తం విప్పి, ఆకుపచ్చ దారంతో మళ్ళీ కుట్టింది. తర్వాత పర్సులోంచి ఒక చిన్న ఉండ తీసింది. ఆసుపత్రి దుప్పట్లు ఎవరూ ఎత్తుకుపోకుండా మూలన గుర్తు కుట్టే ఎర్ర దారమది. ఎన్నిసార్లు ఉడకబెట్టినా రంగు వదలదు. దాన్ని రెండు పేటలు చేసి సూదికెక్కించి, కాలరు లోపల పిల్ల అసలు పేరు కుట్టడం మొదలుపెట్టింది. మూడక్షరాలు. ఒక్కో కుట్టూ సగం వెనక్కి వచ్చి ముందుకి పోయేలా, దగ్గరదగ్గరగా, కసిగా కుట్టింది.

తండ్రి వచ్చి తల వంచి చూశాడు. "అయితే ఇక అమ్మవా?"

"అమ్మను. చిరిగిపోయేదాకా దానిదే. ఎవడొచ్చి నాదంటాడో చూస్తా."

"వచ్చే ఏడో?"

"వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు చూద్దాం."

"మా ఆవిడ కోట్ల వ్యాపారం మూసేసిందర్రా," అన్నాడు తండ్రి గోడలతో. వారం రోజుల్లో ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. తల్లి కూడా నవ్వింది. పిచ్చుక నవ్వలేదు. సూది లోపలికి దిగి పైకి రావడం రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"ఆ దారం పోదా అమ్మా?"

"పోదు."

"ఎప్పటికీ?"

"ఎప్పటికీ. ఇక నువ్వు దీంతో కింద కూర్చో, గోడకి ఆనుకో, కావాలంటే పొర్లు. నేనేమీ అనను." దారం కొరికి, కోటు పిల్ల భుజాల మీద వేసి, దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది. ఎందుకో ఆమెకి ఒక బరువు దిగినట్టయింది.

ఆదివారం ఎండ వచ్చింది. తల్లి పిల్లని కోటుతో ఆడుకోవడానికి పంపి, కిటికీలోంచి చూసింది. వాకిట్లో పిల్లలు ముగ్గురు మట్టి తవ్వుతున్నారు. పిచ్చుక వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడింది. చేతులు ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకుంది. కాసేపటికి గొంతుక్కూర్చుంది, కోటు అంచులు రెండూ మోకాళ్ళ మీదికి ఎత్తి పట్టుకుని.

"కూర్చోవే! కింద కూర్చో!" అని అరిచింది తల్లి.

పిల్ల కిటికీ వైపు చూసింది. మెల్లగా, నేల మీద సూదులున్నట్టు, కూర్చుంది. ఎంతసేపు కూర్చోవాలో చెప్పనందుకు అలాగే కదలకుండా ఉంది. పిల్లలు పిలిస్తే కూడా లేవలేదు. తర్వాత లోపలికి వచ్చి, గుమ్మం బయటే కోటు విప్పి, వేళ్ళ కొసలతో పైనుంచి కిందికి దులిపింది.

"అలవాటవుతుందిలే," అన్నాడు తండ్రి.

సోమవారం తెల్లవారి ఆమె నిద్రలేచేసరికి పక్కన పిల్ల లేదు. కిటికీ కింద, పల్చటి వెలుతురులో, ఒళ్ళో కోటు తిరగేసి పెట్టుకుని కూర్చుని ఉంది. చేతిలో కుట్టుపెట్టెలోని చిన్న కత్తెర. పక్కన పరిచిన కాగితం మీద ఎర్ర దారపు ముక్కలు ఒక్కటీ కింద పడకుండా కుప్పగా ఉన్నాయి. రెండక్షరాలు పోయాయి. మూడోది సగం మిగిలింది.

"ఏం చేస్తున్నావే!"

పిల్ల తలెత్తింది. భయపడలేదు. పనిలో ఉన్న మనిషిని పిలిస్తే చూసినట్టు చూసింది.

"పేరుంటే చీటీలావిడ తీసుకోదుగా అమ్మా. వచ్చే చలికి మరి కోటెలా?"

తల్లి నోరు తెరిచింది. నీదేనని చెప్పానుగా అనాలి. వచ్చే చలికి ఇంకోటి కొంటాను అనాలి. గుమ్మం పక్కన పిల్ల బూట్లు, బొటనవేళ్ళ దగ్గర ఉబ్బి, ఆమె కంటికి ఎదురుగా ఉన్నాయి. ఎంత వెతికినా పిల్లకి చెప్పదగ్గ అబద్ధం ఒక్కటీ తట్టలేదు.

"బెజ్జాలు పడ్డాయి," అంది పిల్ల దిగులుగా. "తడి చేసి గోటితో రుద్దితే పూడతాయి కదా? నువ్వు గౌనుకి చేశావుగా."

తల్లి వచ్చి పక్కన కూర్చుంది. పిల్ల మళ్ళీ కత్తెర మొన దారం కింద దూర్చి లాగింది.

"అలా లాగకు," అంది తల్లి. "నేత బిగుసుకుంటుంది. వెనక నుంచి తుంచి, ముందు నుంచి తియ్యాలి. ఇలా."

మిగిలిన సగం అక్షరం ఇద్దరూ కలిసి విప్పారు. తల్లి వేలు నోట్లో తడి చేసుకుని, ఒక్కో బెజ్జం మీదా గోటితో అటూ ఇటూ రుద్దింది. కాలరు ఎత్తి కిటికీ వెలుతురుకి పట్టుకుని చూసింది. పిల్ల కూడా మెడ చాచి చూసింది.

"కనబడట్లేదు!" అంది పిచ్చుక. దాని ముఖం వారం తర్వాత విప్పారింది.

తల్లి లెక్కల పుస్తకంలోంచి ఆ పాత కాగితం తీసింది. బట్టకి చిల్లు పడకుండా కుట్టు సందులో చూసి గుచ్చింది. ఈసారి రెండు పిన్నీసులు పెట్టింది. కోటు తొడిగి, కింద నుంచి ఒక్కో కొయ్య గుండీ పెడుతూ వచ్చింది.

"టీచరు అడిగితే ఏమని చెప్పాలమ్మా?"

"నాదే అని చెప్పు."

"ఇప్పటికి?"

తల్లి మెడ దగ్గరి ఆఖరి గుండీ పెట్టింది.

"ఆ మాట మాత్రం పైకి అనకు," అంది.